బండి విప్పి చదువుకున్న నాయుడు గారు

జి.కె. పుస్తకాల్లో జి.డి. నాయుడు గారి గురించి ఒక్క లైనే ఉంటది: ఇండియన్ ఎడిసన్. పోటీ పరీక్షకు అది చాలు. కానీ ఎడిసన్ అనగానే మనకు ల్యాబులు, పేటెంట్లు, బల్బులు గుర్తుకొస్తయి. నాయుడు గారి మొదటి బలం అక్కడ లేదు. ఆయన అన్నిటికంటే ముందు ఒక మెకానిక్. ఆగిపోయిన బండి ఎందుకు ఆగిందో కనిపెట్టడమే ఆయన నేర్చిన మొదటి విద్య. బస్సులు, మోటార్లు, రేజర్లు, కాలేజీ అన్నీ దాని మీద కట్టుకున్నవే.

ఇంకో సంగతి కూడా చాలామందికి తెల్వదు. ఆయన తెలుగువాడు. కోయంబత్తూరు చుట్టుపక్కల ఎన్నో తరాల కిందట వెళ్లి స్థిరపడి, ఇంట్లో తెలుగు మాట్లాడుకుంటూ వ్యవసాయం చేసుకునే కుటుంబాలు చాలా ఉన్నాయి. అలాంటి ఒక రైతు ఇంట్లో, కలంగల్ అనే ఊళ్లో, 1893 మార్చి 23న గోపాలస్వామి దొరస్వామి నాయుడు పుట్టాడు. తల్లి చిన్నతనంలోనే పోయింది.

బడి ఆ పిల్లవాడికి అస్సలు పడలేదు. విసుగొస్తే పంతుళ్ల మీద ఇసుక చల్లేవాడని ఇప్పటికీ చెప్పుకుంటారు. చదువు ప్రాథమిక స్థాయితోనే ఆగిపోయింది. చదవడం మాత్రం ఆగలేదు. తమిళ పుస్తకాలు దొరికినవి దొరికినట్టు తనంతట తానే చదివేవాడు. అంటే చదువంటే పడకపోవడం కాదు, ఒకచోట కూర్చోబెట్టి చెప్పే చదువు పడకపోవడం. ఈ తేడా ముందుముందు మనకు పనికొస్తది, గుర్తు పెట్టుకోండి.

ఇరవై ఏళ్ల లోపే ఆయన జీవితాన్ని మార్చిన సంఘటన జరిగింది. ఒక ఇంగ్లీషు రెవెన్యూ అధికారి మోటార్ సైకిలు మీద ఆ ఊరి దిక్కు వచ్చాడు. అది రడ్జ్ కంపెనీ బండి. ఎడ్లు లేకుండా, గుర్రం లేకుండా తనంతట తాను కదిలే వాహనాన్ని ఆ కుర్రాడు చూడటం అదే మొదలు. ఊరందరూ చూసి ఆశ్చర్యపోయి ఇళ్లకు పోయారు. ఇతను మాత్రం లోపల ఏముందో తెలుసుకోవాలనుకున్నాడు. తెలుసుకోవాలంటే విప్పాలి. విప్పాలంటే బండి తనదై ఉండాలి.

పైసలు లేవు. అందుకని కోయంబత్తూరు వెళ్లి ఒక హోటల్లో సర్వర్‌గా చేరాడు. బల్లలు తుడుస్తూ, ప్లేట్లు అందిస్తూ కొన్నేళ్లు రూపాయి రూపాయి కూడబెట్టి ఆ మోటార్ సైకిలు కొన్నాడు. ఊళ్లో నాలుగు చక్కర్లు కొట్టి గొప్పలు చెప్పుకోవడం ఎవరైనా చేసే పని. ఆయన బండిని ముక్క ముక్కగా విప్పి, ఏ ముక్క ఏం చేస్తుందో చూసి, మళ్లీ బిగించాడు. అది నడిచింది. చేతిలో వర్క్‌షాప్ మాన్యువల్ లేదు, నేర్పే గురువు లేడు. సర్టిఫికెట్ అంతకన్నా లేదు.

ఆ కాలపు బండిలో ఏముంటుందో ఒకసారి చూద్దాం. ఎలక్ట్రికల్ బ్రాంచి వాళ్లకు సరదాగా ఉంటది. అప్పటి మోటార్ సైకిళ్లలో సాధారణంగా బ్యాటరీ ఉండదు. లైటు వెలగాలంటే కార్బైడ్ గ్యాసే. కరెంటు అవసరమయ్యేది ఒక్క చోట, స్పార్క్ ప్లగ్ దగ్గర. ఆ కరెంటును మాగ్నెటో పుట్టిస్తుంది. ఇంజిన్ తిరుగుతుంటే అయస్కాంత క్షేత్రంలో తీగచుట్ట తిరుగుతుంది. సరిగ్గా సమయానికి కాంటాక్ట్ పాయింట్లు విడిపోతాయి. ప్రైమరీ చుట్టలో కరెంటు ఠక్కున ఆగుతుంది, సెకండరీలో వేల వోల్టులు పుడతాయి, ప్లగ్గు సందులో నిప్పురవ్వ దూకుతుంది. మన ఫిజిక్సులో ఫారడే సూత్రం అని రెండు మార్కులకు రాసేది ఇదే.

అలాంటి బండి ఆగితే అనుమానించాల్సినవి మూడే: పెట్రోలు, గాలి, నిప్పు. పెట్రోలు వస్తుందా చూడు. గాలి పోతుందా చూడు. ప్లగ్గు విప్పి, ఇంజిన్ లోహానికి ఆనించి, తిప్పి నిప్పురవ్వ వస్తుందా చూడు. ఏది లేదో తెలిస్తే అక్కడి నుంచి వెనక్కి పోవడమే. పాయింట్లకు మసి పట్టిందా, తీగ ఇన్సులేషన్ పగిలిందా, తేమ చేరిందా. లోపం కనిపెట్టడమంటే ఊహించడం కాదు, ఒక్కొక్క అనుమానాన్ని పరీక్షించి కొట్టేసుకుంటూ పోవడం. బండిని చేత్తో విప్పినవాడికి ఈ వరస తనంతట తానే అబ్బుతుంది.

బండి రహస్యం తెలిశాక నాయుడు గారు మెకానిక్‌గా పని చేశారు. తర్వాత పత్తి వ్యాపారంలోకి దిగారు. మొదటి ప్రపంచ యుద్ధం రోజుల్లో బాగానే సంపాదించారు. ఆ ఊపులో బొంబాయి పత్తి బజారుకు వెళ్లి అక్కడి పెద్ద వ్యాపారుల ముందు నిలవలేక, సంపాదించింది పోగొట్టుకుని ఇంటికొచ్చారు. ధరల పందెం ఆయన చేతికి లొంగే యంత్రం కాదు. మళ్లీ తనకు వచ్చిన విద్య దగ్గరికే వచ్చారు.

కోయంబత్తూరులో స్టేన్స్ అనే ఇంగ్లీషు వ్యాపార కుటుంబం ఉండేది. రాబర్ట్ స్టేన్స్ సాయంతో 1920లో నాయుడు గారు ఒక బస్సు కొన్నారు. పొల్లాచి నుంచి పళనికి తిప్పడం మొదలుపెట్టారు. పళని మురుగన్ గుడికి పోయే భక్తులతో ఆ దారి ఎప్పుడూ సందడిగా ఉంటుంది. ఓనరూ ఆయనే, డ్రైవరూ ఆయనే. ఒక్క బస్సుతో మొదలైన ఆ సంస్థ యూనివర్సల్ మోటార్ సర్వీస్ పేరుతో పెరిగి, దేశంలో క్రమశిక్షణతో నడిచే బస్సు సంస్థల్లో ఒకటిగా పేరు తెచ్చుకుంది. కోయంబత్తూరు దిక్కు యు.ఎం.ఎస్. అంటే పెద్దవాళ్లకు ఇప్పటికీ తెలుసు.

అప్పట్లో మన దిక్కు పరిస్థితి వేరు. మనది నిజాం రాజ్యం. ఇక్కడ 1932లో నిజాం స్టేట్ రైల్వేయే 27 బస్సులతో రోడ్డు రవాణా శాఖను మొదలుపెట్టింది. మన ఆర్టీసీకి మూలం అదే. అంటే ఇక్కడ బస్సులను సర్కారు రైల్వే నడిపించింది. అక్కడ హోటల్లో ప్లేట్లు అందించిన మనిషి నడిపించాడు. బస్సు ఎవరిదైనా దానికి వచ్చే రోగాలు మాత్రం ఒక్కటే.

1920ల నాటికి బండ్లలో విద్యుత్తు చాలా పెరిగింది. బ్యాటరీ, దాన్ని నింపడానికి డైనమో, హెడ్‌లైట్లు, హారన్, సెల్ఫ్ స్టార్టర్ వచ్చాయి. వీటితో పాటు వైర్లూ పెరిగాయి. వైరు ఖర్చు తగ్గించడానికి ఇంజినీర్లు ఒక ఉపాయం చేశారు. బ్యాటరీ నుంచి లైటు దాకా ఒక్క వైరే వేశారు. తిరుగుదారికి బండి ఇనుప ఛాసిస్‌నే వాడుకున్నారు. దాన్నే ఎర్త్ అంటాం. ఇవాల్టికీ మన కార్లన్నీ అదే పద్ధతి. సగం వైర్లు మిగిలాయి. దానికి బదులుగా ఒక రోగం శాశ్వతంగా వచ్చి చేరింది: ఎర్త్ సరిగ్గా అందకపోవడం.

ఇది పాత కాలపు సంగతి అనుకోకండి. కామారెడ్డి నుంచి ఎల్లారెడ్డి పోయే రోడ్డు గుర్తు చేసుకోండి. చీకటి పడింది. ఇరవై ఏళ్ల పాత కారు. హెడ్‌లైట్లు పసుపుపచ్చగా, దీపం బుడ్డిలా వెలుగుతున్నయి. ఎదురుగా ఎడ్లబండి వస్తుందో ట్రాక్టర్ ట్రాలీ ఆగి ఉందో దగ్గరికి పోయేదాకా కనబడదు. పొద్దున్నే చాలామంది చేసే పని బల్బులు మార్చడం. తగ్గకపోతే బ్యాటరీ మార్చడం. అప్పటికీ తగ్గకపోతే డైనమో మీద పడటం. మూడు సామాన్లు మారినయి, జేబు ఖాళీ అయింది, వెలుతురు మాత్రం అంతే.

వరసగా పోతే ఇది పావుగంట పని. మల్టీమీటర్‌ను డీసీ వోల్టుల మీద పెట్టి ముందు బ్యాటరీ చూడాలి. ఇంజిన్ ఆపి ఉంటే మంచి బ్యాటరీ 12.6 వోల్టుల దగ్గర చూపిస్తుంది. ఇంజిన్ నడుస్తుంటే 14 దగ్గరికి రావాలి. రెండూ వస్తే బ్యాటరీ తప్పు లేదు, డైనమో తప్పూ లేదు. ఇప్పుడు లైట్లు వెలుగుతుండగానే మీటరు ఒక కొన బ్యాటరీ నెగటివ్ మీద, రెండో కొన హెడ్‌లైట్ ఎర్త్ పిన్ను మీద పెట్టాలి. అక్కడ దాదాపు సున్నా రావాలి. 2 వోల్టులు చూపించిందంటే దొంగ దొరికినట్టే.

లెక్క మనకు తెలిసిందే. 60 వాట్ల బల్బు 12 వోల్టుల మీద 5 ఆంపియర్లు తీసుకుంటుంది. రెండు బల్బులకు ఒకే ఎర్త్ పాయింటు ఉంటే అక్కడ 10 ఆంపియర్లు పోతాయి. ఆ బోల్టు కింద తుప్పు పట్టి 0.2 ఓములు అడ్డం పడితే, ఉజ్జాయింపుగా 2 వోల్టులు అక్కడే ఖర్చైపోతాయి. 14లో 2 పోతే నష్టం ఏడో వంతే కదా అనిపిస్తుంది. కానీ ఫిలమెంటు బల్బు వెలుతురు వోల్టేజీ కంటే చాలా వేగంగా పడిపోతుంది. ఆ 2 వోల్టులతో మూడో వంతుకు పైనే వెలుతురు పోతుంది. మందు ఏంటంటే బోల్టు విప్పి, గరుకు కాగితంతో ఇనుము మెరిసేదాకా రుద్ది, బిగించి, పైన కాస్త గ్రీజు పూయడం.

ఇందులో ఒక మోసం ఉంది. లైట్లు ఆపేసి అదే వైరుకు కంటిన్యుటీ చూస్తే మీటరు హాయిగా బీప్ అంటుంది. 0.2 ఓములు దానికి లెక్కలోకి రాదు. వైరు బాగానే ఉందని మనం ముందుకు పోతాం. లోపం కరెంటు పారుతున్నప్పుడే బయటపడుతుంది. అందుకే రోడ్డు పక్కన సెల్ఫ్, డైనమో రిపేరు చేసే ఆటో ఎలక్ట్రీషియన్లు మీటరు పక్కనపెట్టి టెస్టింగ్ బల్బు తీస్తారు. ఆ బల్బు కరెంటు లాగుతుంది కాబట్టి బలహీనమైన జాయింటు దాని ముందు అబద్ధం చెప్పలేదు. వాళ్లలో చాలామంది ఓమ్ సూత్రం పేరు విని ఉండకపోవచ్చు, రోజూ వాడేది మాత్రం దాన్నే.

రాత్రికి రాత్రి బ్యాటరీ దిగిపోయే బండికీ ఇదే వరస. అన్నీ ఆపేసి, బ్యాటరీ నెగటివ్ తీగ విప్పి, మధ్యలో ఆంపియర్ మీటరు కలపాలి. ఫ్యూజులు ఒక్కొక్కటే పీకుతూ పోవాలి. ఏది పీకినప్పుడు అంకె పడిపోయిందో లోపం ఆ దారిలో ఉంది. ఇక పదేపదే ఫ్యూజు పోతుందని దాని స్థానంలో మందపాటి తీగ చుట్టేవాళ్లున్నారు. అది జ్వరం వస్తే థర్మామీటరు పగలగొట్టడమే. ఆ తర్వాత కాలేది ఫ్యూజు కాదు, వైరింగు. ఒక్కోసారి బండే.

ఇప్పుడు కోయంబత్తూరు పోదాం. బస్సుల పని నాయుడు గారికి ఈ వరసనే అలవాటు చేసింది. రోజూ గుంతల్లో ఊగే బండ్లలో ఏ జాయింటు వదులవుతుందో, ఏ భాగం ముందు అరుగుతుందో తెలిసినవాడికి కొత్త సామాను ఎలా చేయాలో కూడా అర్థమవుతుంది. రిపేరు నుంచి తయారీకి ఆయన అలా వచ్చారు.

1932లో నీలగిరుల్లో పైకారా జలవిద్యుత్ కేంద్రం మొదలైంది. కోయంబత్తూరు మిల్లులకు, బావులకు కరెంటు వచ్చింది. కరెంటు వచ్చింది గానీ మోటార్లు బయటి దేశాల నుంచే రావాలి. 1937లో పీలమేడులో నాయుడు గారి నేషనల్ ఎలక్ట్రిక్ వర్క్స్‌లో, డి. బాలసుందరం నాయుడు గారితో కలిసి, దేశంలో మొదటిదిగా చెప్పుకునే స్వదేశీ ఎలక్ట్రిక్ మోటారు తయారైంది. తర్వాత కోయంబత్తూరు మోటార్లు, పంపుసెట్లు దేశమంతా పాకినయి. మన దిక్కు బావుల దగ్గర నడిచే మోటార్ల మీద కోయంబత్తూరు అనే పేరు చూడనివాళ్లు తక్కువే.

ఆ కాలంలోనే రాసంట్ పేరుతో డ్రై సెల్స్ మీద నడిచే చిన్న ఎలక్ట్రిక్ రేజరు తెచ్చారు. పల్చటి షేవింగ్ బ్లేడు, పండ్ల రసం తీసే యంత్రం, కిరోసిన్‌తో నడిచే ఫ్యాను, మోసానికి వీల్లేని ఓటు యంత్రం, ఇలా జాబితా పెద్దదే. 1941లో అయిదు వాల్వుల రేడియో సెట్టు 70 రూపాయలకే చేసి ఇవ్వగలనని ప్రకటించారు. వ్యవసాయంలోనూ చెయ్యి పెట్టి పత్తిలో, బొప్పాయిలో కొత్త రకాలు పెంచారు. ఆ తోటను చూడటానికి సి.వి. రామన్, విశ్వేశ్వరయ్య అంతటివాళ్లు వచ్చారు.

ఇక మన గురించి. అవును, ఆయన కథలో మన గురించి కూడా ఒక అధ్యాయం ఉంది.

1945లో నాయుడు గారి చొరవతో, విరాళంతో కోయంబత్తూరులో ఒక పాలిటెక్నిక్, ఒక ఇంజినీరింగ్ కాలేజీ వచ్చాయి. అప్పటి మద్రాసు గవర్నరు ఆర్థర్ హోప్ పేరు పెట్టారు. ఇవాళ గవర్నమెంట్ కాలేజ్ ఆఫ్ టెక్నాలజీగా ఉన్నది దాని కొనసాగింపే. మొదటి రోజుల్లో ప్రిన్సిపాల్ ఎవరో తెలుసా? బడి మధ్యలో మానేసిన నాయుడు గారే. కానీ ఆ కుర్చీలో ఎక్కువ కాలం లేరు. ఇంజినీరింగ్‌కు నాలుగేళ్లు అక్కర్లేదు, రెండేళ్లు చాలు అని ఆయన వాదం. మిగతా కాలం విద్యార్థి జీవితంలోంచి ఊరికే పోయినట్టేనని ఆయన లెక్క. ప్రభుత్వం ఒప్పుకోలేదు. ఆయన రాజీనామా చేసి వెళ్లిపోయారు.

ఎవరిది రైటు? నాలుగేళ్ల కోర్సులో కూర్చున్న మనం ఈ ప్రశ్నను నవ్వి వదిలేయడానికి లేదు. ఆయన వాదం పూర్తిగా ఒప్పుకోవడం కష్టమే. ఆ 0.2 ఓముల లెక్క క్లాసులో నేర్చుకున్నదే. అది తెలిస్తేనే టెస్టింగ్ బల్బు ఎందుకు పనిచేస్తుందో తెలుస్తుంది. రేపు 12 వోల్టుల కారు పోయి 400 వోల్టుల ఎలక్ట్రిక్ కారు షెడ్డుకొస్తే, లెక్క తెల్వకుండా చెయ్యి పెట్టడం ప్రాణాల మీదికి తెచ్చుకోవడం. చదువు కావాలి. అయితే ఆయన వాదంలో కొట్టేయలేని భాగం ఒకటుంది. కిర్కాఫ్ సూత్రాలకు పదికి పది తెచ్చుకుని, బానెట్ ఎత్తితే బ్యాటరీ ఎర్త్ ఎక్కడుందో చూపించలేకపోతే, ఆ మార్కులు దేనికి వచ్చినట్టు? నాయుడు గారు లెక్కపెట్టింది ఏళ్లను కాదనుకుంటా. ఆ ఏళ్లలో విద్యార్థి చేతులు ఎంతసేపు యంత్రం మీద ఉన్నాయో దాన్ని.

ఆయన చేతుల పని అన్నిసార్లూ గెలవలేదు. 1952లో ఆయన దగ్గర ఒక చిన్న కారు తయారైంది. ఇద్దరు కూర్చునే పెట్రోలు కారు, ధర 2,000 రూపాయలు. మామూలు ఉద్యోగి కూడా కొనుక్కోగల కారు అప్పటికి మన దేశంలో కలలో మాట. కానీ అది లైసెన్సుల కాలం. కారు చేయడం వస్తే చాలదు, చేయడానికి ప్రభుత్వ అనుమతి కావాలి. అది రాలేదు. తయారీ ఆగిపోయింది. సామాన్యుడి కారు మారుతి 800 రూపంలో రోడ్డెక్కడానికి 1983 దాకా ఆగాల్సి వచ్చింది. జీవితమంతా యంత్రాల్లో లోపం వెతికి సరిచేసిన మనిషికి ఈసారి లోపం యంత్రం లోపల లేదు. ఆయన పానా అందని చోట ఉంది.

అయినా ఊరుకోలేదు. కుర్రాళ్లకు పని నేర్పడం మీద దృష్టి పెట్టారు. 1967లో కోయంబత్తూరులో పారిశ్రామిక ప్రదర్శనశాల ఏర్పాటు చేశారు. దేశదేశాల నుంచి తెచ్చిన యంత్రాలు, తాను చేసినవి అన్నీ ఒకచోట పెట్టారు. ఎవరైనా వచ్చి చూడొచ్చు. తన ఊళ్లో ఆ మోటార్ సైకిలు కనబడినట్టు, ఏ పల్లె నుంచి వచ్చిన పిల్లవాడికైనా ఇక్కడ ఏదో ఒకటి కనబడుతుందని ఆశపడి ఉంటారు. 1974 జనవరి 4న కన్నుమూశారు.

ఇప్పుడు ఆయన పేరు మీదున్న ధర్మసంస్థ కోయంబత్తూరులో పాత కార్ల మ్యూజియం కూడా నడుపుతోంది. ఆ దిక్కు ఇండస్ట్రియల్ టూరు పడితే తప్పకుండా చూడండి. పడకపోయినా నష్టం లేదు. మన కామారెడ్డిలో, ఎల్లారెడ్డిలో రోడ్డు పక్కన ఏదో ఒక ఆటో ఎలక్ట్రికల్ షాపు ఉండనే ఉంటది. దసరా సెలవుల్లో ఒక రోజు పోయి, అన్నా కొంచెం సేపు చూస్త అని అడిగి నిలబడండి. ఎవరూ కాదనరు, మహా అయితే టెస్టింగ్ బల్బు పట్టుకొమ్మంటారు. పట్టుకోండి.